సున్నా ఏళ్ళు

బండి ఆరు వందల పౌన్లు.
దానికి ఏడాది ఇన్సూరెన్సు పదహారు వందల నలభై.
దూడ కంటే పలుపు ప్రియం.

ఎయిర్లిస్ ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది,
ఆ అంకెకి ఊపిరాడకుండా చేద్దామన్నట్టు.

బయట వాన.
మా బ్లైనైలో వాన పడుతోందని ఎవరూ చెప్పరు,
పడకపోతే చెబుతారు.
వాకిట్లో తడుస్తూ పసుపుపచ్చ బుల్లి కారు.
చర్చిలో ఆర్గన్ వాయించే గ్లెనిస్ గారిది.
పోయిన చలికాలం ఆవిడ ఆగిపోయారు, అదీ ఆగిపోయింది.
సీటు కింద ఇంకా పిప్పరమెంటు కాగితాలు.

రెండో బండి మాకు మోజు కాదు.
వెలుగు రాకముందే నేను పలకరాతి క్వారీకి పోతాను.
ఆమెకి ముసలివాళ్ళని చూసుకునే ఇంట్లో
రాత్రి పని దొరికింది,
లోయకి అవతల, పదకొండు మైళ్ళు.
రాత్రి బస్సు ఏప్రిల్లో తీసేశారు.
స్టాపు ఉంచారు,
గొర్రెలు నిలబడుతున్నాయి.

మూడు రాత్రులు వెతికాం.
సంరక్షకురాలు అంటే ఒక ధర,
సహాయకురాలు అంటే ఇంకో ధర.
రాత్రి బండి ఎక్కడ ఉంటుంది?
షెడ్డులో అంటే కొంచెం దిగుతుంది.
షెడ్డులో కోళ్ళున్నాయి.
కోళ్ళనెక్కడ పెట్టాలో ఫారంలో గడి లేదు.
నడిపే తీరు కనిపెట్టే నల్లడబ్బా బిగిస్తే
తగ్గిస్తామన్నారు ఒకరు,
గట్టిగా బ్రేకు వెయ్యకూడదట.
ఈ కొండదారిలో ఆ సంగతి
గొర్రెలకి ఎవరు చెప్పాలి?
నలభై తగ్గింది, ముప్ఫై పెరిగింది,
గొర్రె తోక బెత్తెడే.

నాలుగో రోజు పోర్త్‌మాడోగ్ ఏజెంటు ఇద్వాల్‌కి ఫోన్ చేశాం.
క్లెయిము లేని ఏళ్ళెన్ని? అన్నాడు.
పదమూడు, అన్నాను, ఛాతీ కొంచెం పొంగించి.
అవి మొదటి బండివండీ. దీనికి నడిపేదెవరు?
నేను, అంది ఎయిర్లిస్,
ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను.
ఎవరి పాలసీ మీద?
ఆయనదాని మీద.
కీబోర్డు టకటక.
అయితే మీవి సున్నా అండీ.

ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నేనే అన్నాను:
నడిపేది నేనని రాయిద్దాం.
సగానికి సగం దిగుతుంది.
ఎవడు చూడొచ్చాడు?

ఆమె ఏమీ అనలేదు. నా మణికట్టు వంక చూసింది,
రాయి జారి విరిగిన మణికట్టు.
ఆ ఏడు నెలలూ నన్ను క్వారీకి దింపిందెవరు?
మాబ్లికి జ్వరం పేలిపోతున్న రాత్రి
మంచులో బాంగర్ ఆసుపత్రి దాకా
రెండో గేరులో పాకించుకుంటూ పోయిందెవరు?
గెథిన్ పెళ్ళిలో నేను పాడిన పాటలకి
నన్ను నోరుమూయించి వెనక సీట్లో పడేసిందెవరు?

పదమూడేళ్ళు ఏమీ జరగలేదు.
అదే నా ఆస్తి, నా గొప్ప.
ఆ ఏమీ జరగకపోవడంలో
సగానికి పైగా ఆమె చేతి పని.
ముద్ర మాత్రం నా పేరున పడింది.

చెయ్యి తీశాను.
ఆమె పేరే రాయండి, అన్నాను.
అప్పటికే ఆమె ఒక్కో అక్షరమూ చెబుతోంది,
ఎవరో మొదటిసారి అడిగినట్టు.

ఇద్వాల్ మంచివాడు.
రెండు బండ్లనీ ఒకే గొడుగు కిందికి తెచ్చాడు,
దెబ్బ తగిలితే మేం భరించే వాటా పెంచాడు,
మైళ్ళు కత్తిరించాడు.
తొమ్మిది వందల డెబ్భై దగ్గర ఆగింది.
తక్కువేం కాదు.
పొయ్యికి కొత్త గొట్టం వచ్చే ఏడు చూద్దామనుకున్నాం.

సోమవారం రాత్రి
పిప్పరమెంటు వాసన మోసుకుంటూ
ఎర్ర దీపాలు రెండు మలుపు తిరిగాయి.
నేను నిద్రపోలేదు, పోయానని చెప్పాను.
తెల్లారి వచ్చి, కోటైనా విప్పకుండా
క్యాలెండరు మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసింది.
ఏంటది? అన్నాను.
ఏమీ జరగలేదు, అంది.

బొగ్గుల గదిలోకి మార్చిన కోళ్ళు మాత్రం
వారం దాకా గుడ్డు పెట్టలేదు.